దూరం వేరు, వెలి వేరు

వైశాఖ పౌర్ణమి (2021 మే 26) సందర్భంగా గృహస్థులకు ధమ్మ ప్రసంగం

వైశాఖ పౌర్ణమిని మనం ఇళ్లలోనే జరుపుకోవడం ఇది రెండోసారి. పోయిన ఏడాది మే 7న పౌర్ణమి వచ్చింది. అప్పుడు దేశానికంతా తాళం పడి ఉంది. ఈ ఏడాది మే 26న వచ్చింది. తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్, ఉదయం ఆరు నుంచి పది దాకానే బయటికి రానిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి కర్ఫ్యూ, మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలోకి రావడానికి లేదు. విహారాల తలుపులు మూసి ఉన్నాయి. భంతేజీలు రాలేకపోతున్నారు. "ఈసారి వందన ఎక్కడండీ, ప్రసంగం ఎక్కడ?" అని చాలామంది అడుగుతున్నారు.

వందన ఇంట్లోనే. ప్రసంగం ఈ కాగితంలో ఉంది, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరు చదవండి, మిగిలినవాళ్లు వినండి. కానీ అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఈ రోజుల్లో మన ఇళ్లలోనే మన ధమ్మానికి పరీక్ష జరుగుతోంది. పంచశీల జెండా ఎగరేయడం తేలిక. నలుగురిలో త్రిశరణం చెప్పడం తేలిక. తలుపు వేసుకున్నాక, చూసేవాళ్లు ఎవరూ లేనప్పుడు, ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి మిగతా అందరికీ భయం పట్టుకున్నప్పుడు మనం ఎలా ఉంటున్నాం? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నారు పెద్దలు. మన ధమ్మం ఆ బాపతు కాకూడదు.

ఆరు దిక్కులూ ఇంట్లోనే ఉన్నాయి

రాజగృహంలో సిగాలుడు అనే యువకుడు ఉండేవాడు. రోజూ తెల్లవారుజామునే లేచి, తడిబట్టలతో, తడిజుట్టుతో ఊరి బయటికి వచ్చి ఆరు దిక్కులకూ దండం పెట్టేవాడు. ఎందుకయ్యా అని తథాగతుడు అడిగితే, మా నాన్న చనిపోతూ చెప్పాడు, చేస్తున్నాను అన్నాడు. బుద్ధుడు అతన్ని వెక్కిరించలేదు. దిక్కులకు మొక్కడమంటే అసలు అర్థం ఏమిటో చెప్పాడు. తల్లిదండ్రులు తూర్పు దిక్కు. గురువులు దక్షిణం. భార్యాబిడ్డలు పడమర. స్నేహితులు ఉత్తరం. మన దగ్గర పనిచేసేవాళ్లు కింది దిక్కు. జ్ఞానం చెప్పే శ్రమణులు పై దిక్కు. ఈ ఆరుగురి పట్ల చేయవలసింది చేస్తే ఆరు దిక్కులకూ మొక్కినట్టే అన్నాడు.

ఇప్పుడు బయటి దిక్కులు మూసుకుపోయాయి. కూలికి పోయే దారి లేదు, పెళ్లికి పోయే దారి లేదు, సభకు పోయే దారి లేదు. కానీ సిగాలుడికి చెప్పిన దిక్కుల్లో ముఖ్యమైనవి నాలుగు గోడల మధ్యే ఉన్నాయి. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, భార్య ఉంది, భర్త ఉన్నాడు, పిల్లలున్నారు. రోజుకు పద్నాలుగు గంటలు పనుల మీద తిరిగే మనిషికి వీళ్ల ముఖాలు సరిగ్గా చూసే తీరిక ఇన్నాళ్లూ ఉండేది కాదు. ఇప్పుడు చూడక తప్పదు. అందుకే గృహస్థుడికి ఈ కాలంలో ఇల్లే విహారం అంటున్నాం.

ఆ కంచాన్ని ఆమె ఇంతకు ముందే చూసింది

మన వాడల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతున్నదే చెబుతాం. ముసలి తల్లికి పాజిటివ్ అని వచ్చింది. ఆమెను వెనక గదిలో పెట్టారు. వేరే కంచం, వేరే గ్లాసు, వేరే చాప. కోడలో మనవరాలో అన్నం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, కర్రతో కొంచెం లోపలికి జరిపి, గబగబా వెళ్లిపోతారు. ఆ తల్లి "నన్ను వెలేశార్రా" అని ఏడుస్తుంది. కొడుక్కి విసుగొస్తుంది. "డాక్టర్ చెప్పాడు కదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? నీకు అర్థం కాదా?" అంటాడు.

అర్థం కాక ఏడవడం లేదు ఆ తల్లి. ఆ కంచాన్ని ఆమె ఇంతకు ముందే చూసింది. ఆసామి పొలంలో రోజంతా నాట్లు వేసి, సాయంత్రం పశువుల కొట్టం పక్కన కూర్చుంటే దూరం నుంచి ఆకులో విసిరిన అన్నం తిన్నది ఆమె. చూరులో చెక్కిన సత్తు గ్లాసు తీసుకుని తాగి, తనే కడిగి మళ్లీ చూరులోనే పెట్టినది ఆమె. దాహమేస్తే నుయ్యి ముట్టుకోకుండా దోసిలి పట్టి, పైనుంచి ఎవరో పోసిన నీళ్లు మోచేతుల మీదుగా కారిపోతుంటే తాగినది ఆమె. టీ కొట్టులో రెండు రకాల గ్లాసులు చూసినవాళ్లు మనలో నలభై ఏళ్ల వయసువాళ్లు కూడా ఉన్నారు.

బాబాసాహెబ్ చిన్నతనంలో చదివిన బడిలో ఆయన కుళాయి తిప్పుకోవడానికి వీల్లేదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్లు. బంట్రోతు రాకపోతే ఆ రోజు దాహంతోనే ఇంటికి రావడం. ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగాడు. ఎవరో పోస్తే తాగలేదు, తానే ముంచుకుని తాగాడు. అది మన చరిత్ర. అలాంటి చరిత్ర ఉన్న ఇంట్లో వేరే కంచం పెట్టడమంటే చిన్న సంగతి కాదు. పాత పుండు మీద చెయ్యి పడినట్టు ఉంటుంది.

మరి దూరం పాటించవద్దా? పాటించాలి. తప్పకుండా పాటించాలి. ఈ రోగం గాలిలో, తుంపరలో వస్తుంది. ఒకరి నుంచి పదిమందికి పాకుతుంది. ఇంట్లో షుగరు ఉన్న తండ్రి, కడుపుతో ఉన్న కోడలు, ఆయాసం ఉన్న పిల్లవాడు ఉంటే వాళ్ల ప్రాణం కాపాడే బాధ్యత మనదే. ప్రాణం తీయకుండా ఉండడం మొదటి శీలం. తెలిసి తెలిసి రోగం అంటించడం ఆ శీలానికి దెబ్బే. కాబట్టి దూరం వదలకూడదు. కానీ దూరం వేరు, వెలి వేరు. ఈ తేడా ఇంట్లో ప్రతి ఒక్కరికీ, చిన్నపిల్లలకు కూడా తెలియాలి.

వెలి పుట్టుకను బట్టి వేస్తారు. దూరం రోగాన్ని బట్టి, ఈ రోజు అమ్మకు, రేపు కొడుకుకు, ఎల్లుండి డాక్టరుకు.

వెలికి గడువు లేదు, తాత నుంచి మనవడి దాకా నడుస్తుంది. దూరానికి గడువు ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్ 28న ఇచ్చిన సూచనల ప్రకారం, లక్షణాలు మొదలై కనీసం పది రోజులు గడిచి, వరసగా మూడు రోజులు జ్వరం లేకపోతే ఇంటి ఐసోలేషన్ ముగిసినట్టే.

వెలిలో మనిషి ఒంటినే మైల అంటారు, ఎంత కడిగినా పోదంటారు. దూరంలో మైల లేదు, క్రిమి ఉంది. అది సబ్బు నీళ్లకు చస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం: వెలి మాటను కూడా తెంచేస్తుంది. దూరంలో మాట పెరగాలి. ఒళ్లు ఎంత దూరమైతే మాట అంత దగ్గర కావాలి.

అందుకే మేము చెప్పేది ఒకటే. కంచం జరిపేసి వెళ్లిపోకండి. గడప ఇవతల కూర్చోండి. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు కట్టుకోండి, కిటికీ తెరిచి ఉంచండి, ఆరడుగులు ఎడం ఉంచండి. ఆమె తినేదాకా ఉండండి. "అమ్మా, పది రోజులే. ఆరు అయిపోయాయి, నాలుగున్నాయి" అని రోజూ లెక్క చెప్పండి. గోడ మీద సున్నంతోనో బొగ్గుతోనో గీతలు గీయండి, ఆమెకు కనపడేలా. వెలికి లెక్క లేదు, దూరానికి లెక్క ఉందని ఆ గీతలే చెబుతాయి. పది రోజులు నిండి జ్వరం తగ్గిన రోజున ఆ వేరే కంచాన్ని కడిగి అందరి కంచాల్లో కలిపేయండి. ఆ పూట అందరూ ఒక్క వరసలో కూర్చుని తినండి. ఆమె చేత ముందు వడ్డింపజేయండి. అది ఏ పండగకూ తక్కువ కాదు.

ఇంకో మాట. "సామాజిక దూరం" అని రేడియోలో, టీవీలో అంటున్నారు. ఆ దూరం మనకు వేల ఏళ్లుగా తెలుసు. మనకు కావలసింది ఒంటికి దూరం మాత్రమే. భౌతిక దూరం అనండి. పిల్లలకు కూడా అదే మాట నేర్పండి.

రోగిని కడిగిన చేతులు

ఒకసారి ఒక భిక్ఖువుకు విరేచనాలు పట్టుకున్నాయి. లేవలేక తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తథాగతుడు ఆనందుడితో కలిసి వసతులు చూస్తూ అటుగా వచ్చాడు. నీకు సేవ చేసేవాళ్లు లేరా అని అడిగాడు. లేరు భంతే అన్నాడు రోగి. ఎందుకు లేరు అంటే, నేను తోటి భిక్ఖువులకు ఏ ఉపకారమూ చేయలేదు, అందుకే ఎవరూ చూడడం లేదు అన్నాడు.

బుద్ధుడు ఎవరినీ పిలవలేదు. ఆనందుడి చేత నీళ్లు తెప్పించాడు. తథాగతుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తల వైపు, ఒకరు కాళ్ల వైపు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తరువాతనే సంఘాన్ని పిలిచి మాట్లాడాడు. మీకు ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయండి అన్న అర్థంలో చెప్పాడు. ఇది వినయ పిటకంలోని మహావగ్గలో ఉంది. పుట్టుకను బట్టి ఒకరి శరీరం మైల అనే దేశంలో, మలంలో పడి ఉన్న మనిషిని చేతులతో ఎత్తిన గురువు మన గురువు.

అక్కడితో ఆపలేదు. రోగిని చూసేవాడికి ఉండవలసిన ఐదు గుణాలు, రోగికి ఉండవలసిన ఐదు గుణాలు చెప్పాడు. రెండున్నర వేల ఏళ్ల కిందటి మాటలు ఈ వారం మన ఇంటికి ఎలా సరిపోతాయో చూడండి.

చూసేవాళ్లకు ఐదు. మందు సిద్ధం చేయడం తెలియాలి. రోగికి ఏది మంచో ఏది చెడో తెలిసి, మంచిది తెచ్చి చెడ్డది తీసేయాలి. లాభం కోసం కాక మైత్రితో చేయాలి. మలమూత్రాలు, ఉమ్మి, వాంతి ఎత్తడానికి అసహ్యపడకూడదు. అప్పుడప్పుడు ధమ్మం మాటలతో రోగి మనసుకు ధైర్యం చెప్పాలి. ఈ ఐదోది చూశారా? గడప ఇవతల కూర్చోమని మేము చెప్పింది మా సొంత మాట కాదు.

రోగికి ఐదు. తనకు మేలు చేసేదే చేయాలి. మేలు చేసేదాన్లో కూడా మోతాదు తెలియాలి. మందు వేసుకోవాలి. రోగం ఎక్కువైందా, తగ్గిందా, అలాగే ఉందా అని చూసేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నొప్పిని ఓర్చుకోవాలి. మన పెద్దలు నాలుగో దగ్గర తప్పుతున్నారు. "ఏం లేదులేరా, బాగానే ఉంది" అంటారు, పిల్లలకు ఖర్చవుతుందని. ఆయాసం దాచకండి. వేలికి పెట్టి చూసే పల్స్ ఆక్సీమీటరు ఒకటి ఇంటికి లేకపోతే వీధికైనా ఒకటి ఉంచుకోండి. ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఓర్చుకోమన్నది నొప్పిని. రోగాన్ని దాచమని కాదు.

ఈ సేవ మన నేలకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండో శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసిన సంగతి, మందు మొక్కలు నాటించిన సంగతి చెబుతుంది. నాగార్జునకొండ శాసనంలో "విగతజ్వరాలయం" అనే మాట ఉంది, జ్వరం తగ్గించే ఇల్లు అని పండితులు అర్థం చెప్పారు. మన తాతల నేల మీద బౌద్ధులు జ్వరం వచ్చినవాళ్లకు ఇల్లు కట్టారు. మనం జ్వరం వచ్చినవాళ్లను ఇంట్లో ఒంటరిని చేయకుండా చూసుకుంటే చాలు.

ఇంటి తల్లికి జ్వరం వస్తే?

నకులపిత అనే గృహస్థుడు జబ్బుపడి చావుబతుకుల్లో ఉన్నాడు. అతని మనసంతా బెంగ. భార్య నకులమాత పక్కన కూర్చుని ఒక్కొక్క బెంగా తీసింది. నువ్వు పోతే పిల్లల్ని సాకలేననుకుంటున్నావేమో, నాకు నూలు వడకడం తెలుసు, ఇల్లు నడుపుతాను. ఇంకో ఇంటికి పోతాననుకుంటున్నావేమో, పోను. శీలం వదిలేస్తాననుకుంటున్నావేమో, వదలను. ధమ్మం మర్చిపోతాననుకుంటున్నావేమో, మర్చిపోను. బెంగతో చావకు అంది. ఆ మాటలకే అతను తేరుకున్నాడు. తరువాత కర్ర పట్టుకుని బుద్ధుడి దగ్గరికి వస్తే, ఇలాంటి భార్య దొరకడం నీ అదృష్టం అని తథాగతుడు మెచ్చుకున్నాడు.

ఈ కథ మన మగవాళ్లకు చాలా నచ్చుతుంది. కానీ ఒక ప్రశ్న. మంచం పట్టింది నకులమాత అయితే? ఇంటి తల్లికి జ్వరం వచ్చినప్పుడు నకులపిత ఎక్కడున్నాడు?

చాలా ఇళ్లలో ఏమవుతోందో అందరికీ తెలుసు. ఆమెకు ఒళ్లు కాలిపోతున్నా మాస్కు కట్టుకుని వంట చేస్తోంది. ఇంట్లో అందరూ ఉండడం వల్ల రెండు పూటల వంట నాలుగు పూటలైంది. బట్టలు పెరిగాయి, అంట్లు పెరిగాయి, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఆమె మీదే పడ్డాయి. భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నా మంచినీళ్లు కూడా అడిగే తాగుతున్నాడు. సిగాలుడికి చెప్పినప్పుడు భర్త చేయవలసిన ఐదింట్లో భార్యను గౌరవించడం, చులకన చేయకుండా ఉండడం, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించడం ఉన్నాయి. పెత్తనం ఇవ్వడమంటే చాకిరీ ఇవ్వడం కాదు.

బాబాసాహెబ్ 1942 జూలైలో నాగ్‌పూర్ మహిళా సభలో, ఒక జాతి ఎంత ఎదిగిందో ఆ జాతి స్త్రీలు ఎంత ఎదిగారో చూసి కొలుస్తానని చెప్పారు. భార్య భర్తకు స్నేహితురాలిగా, సమానంగా నిలబడాలి, బానిసగా కాదని అక్కడే చెప్పారు. రేపు మే 27. మాతా రమాబాయి 1935లో మనల్ని విడిచి వెళ్లిన రోజు. నలుగురు బిడ్డలు కళ్లముందే పోయినా, భర్త చదువు కోసం సముద్రాలు దాటి వెళితే పస్తులతో ఇల్లు నిలబెట్టిన తల్లి. ఆమె ఫోటోకు దండ వేసే ప్రతి భర్తా ఆ రోజు వంటింట్లోకి వెళ్లాలి. అన్నం వండడం రాకపోతే నేర్చుకోవాలి. గంజి కాచడం రాని బౌద్ధుడు ఇంట్లో రోగికి ఏ మైత్రి చూపిస్తాడు?

సీసా, చెయ్యి, నోరు

ఈ మాట చెప్పకపోతే ప్రసంగం అబద్ధమవుతుంది. పోయిన ఏడాది మే మొదటి వారంలో మద్యం దుకాణాలు తెరిచిన రోజు ఆ వరసలు అందరం చూశాం. ఆ వరసల్లో మన వాళ్లు లేరా? బియ్యానికి దాచిన డబ్బు అక్కడికి పోలేదా? పనిలేదు, బయటికి దారి లేదు, చేతిలో సీసా. ఆ రాత్రి దెబ్బలు ఎవరికి పడ్డాయి? బయటికి పారిపోయే దారి లేని ఇంట్లో ఆ తల్లి, ఆ పిల్లలు ఎలా ఉన్నారు?

ఐదో శీలం గురించి తథాగతుడు సిగాలుడికి విడమరిచి చెప్పాడు. తాగుడు వల్ల డబ్బు పోతుంది, తగాదాలు పెరుగుతాయి, రోగాలు వస్తాయి, పేరు పోతుంది, సిగ్గు పోతుంది, బుద్ధి మందగిస్తుంది. ఆరు నష్టాలు. మనం 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన ప్రతిజ్ఞలు చెప్పుకునేవాళ్లం. వాటిలో తాగనని కూడా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ తల్లుల్లో మన వాడల తల్లులు ఎంతమందో! వాళ్లు మూయించిన సీసాను మనం ఇంట్లో తెరవకూడదు.

దెబ్బలు తినే తల్లులకు ఒక మాట. ఓర్చుకోవడం ధమ్మం కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. పక్కింటి ఉపాసకులకు ఇంకో మాట. "అది వాళ్ల ఇంటి గొడవ" అనకండి. కరోనాకు దూరంగా ఉండండి గానీ, కేకలు వినపడితే దూరంగా ఉండకండి.

చేతితో కొట్టనివాళ్లు కూడా నోటితో కొడుతున్నారు. "నువ్వే తెచ్చావు ఈ రోగం", "నీ పుట్టింటికి పోయొచ్చాకే మొదలైంది" అని దెప్పడం వింటున్నాం. సమ్యక్ వాక్కు అష్టాంగ మార్గంలో ఒక అంగం. రోగం ఎవరు తెచ్చారో అడగడం వైద్యానికి అవసరమైతే అడగండి. తప్పు పట్టడానికి అడగకండి.

ఒకే గది ఉన్న ఇల్లు

"ఇవన్నీ మూడు గదుల వాళ్లకు. మాది ఒకటే గది, రేకుల ఇల్లు. ఎక్కడ ఐసోలేషన్?" అంటారు చాలామంది. నిజమే. అలాంటప్పుడు రోగి కిటికీ లేదా తలుపు వైపు, మిగతావాళ్లు రెండో వైపు, మధ్యలో చీర కట్టండి. అందరూ మాస్కు వేసుకోండి. పగలు రోగిని ఆరుబయట చెట్టు కింద మంచం వేసి పడుకోబెట్టండి. మరుగుదొడ్డి రోగి వాడాక బ్లీచింగ్ నీళ్లు పోయండి. ఇంకా మంచిది, వాడలో ఉన్న అంబేడ్కర్ భవనాన్ని, విహారం హాలును, మూసి ఉన్న బడిని రోగుల కోసం తెరవమని సర్పంచిని, అధికారులను అడగండి. సంఘం అంటే ఇదే.

పిల్లలకు చెప్పండి. బాబాసాహెబ్ బొంబాయి పరేల్‌లో ఒకే ఒక్క గదిలో చదివారు. వంటా అక్కడే, పడకా అక్కడే. అందరూ నిద్రపోయిన అర్ధరాత్రి తండ్రి లేపితే, కిరసనాయిలు దీపం కింద చదువుకున్నారు. గది చిన్నదని ఆయన చదువు ఆగలేదు, ఎందుకంటే ఆ ఇంట్లో పెద్దవాళ్లు చదివేవాడికి చోటు, సమయం విడిచిపెట్టారు. మీ పిల్లకు రోజుకు రెండు గంటలు నిశ్శబ్దం ఇవ్వండి. ఫోన్ ఒకటే ఉంటే ముందు ఆడపిల్లకు ఇవ్వండి, ఎప్పుడూ చివరికి మిగిలేది ఆమె కాబట్టి.

నమ్మకం, టీకా, దుఃఖం

కేసపుత్తంలో కాలాములకు తథాగతుడు చెప్పినది గుర్తుందా? పరంపరగా వచ్చిందనో, గురువు చెప్పాడనో నమ్మవద్దు, మేలు చేస్తుందో కీడు చేస్తుందో పరీక్షించి చూడండి అన్నాడు. వాట్సాప్‌లో వచ్చిందని కూడా నమ్మవద్దు అని కలిపి చదువుకోండి. కరోనా దేవత అని గుడి కడుతున్నారు కొందరు. మన దారి అది కాదు. వైశాలికి కరువూ రోగమూ వచ్చినప్పుడు బుద్ధుడు అక్కడికి వెళ్లాడని, రతన సుత్తం అక్కడే చెప్పాడని సంప్రదాయం. మనం ఆ సుత్తం చెప్పుకోవచ్చు, మనసుకు ధైర్యం వస్తుంది. కానీ సుత్తం చదివితే క్రిమి చస్తుందని చెప్పకండి. రోగం ఉన్న ఊరికి భయపడకుండా వెళ్లడమే అక్కడ నేర్చుకోవలసింది. మే 1 నుంచి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లంతా టీకాకు అర్హులు. వంతు వచ్చినప్పుడు వేయించుకోండి. టీకా మనకే కాదు, పక్కవాడికి కూడా దానం.

భయపడకుండా వెళ్లినవాళ్లు మన తల్లుల్లోనూ ఉన్నారు. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే రోగులను తన కొడుకు డాక్టర్ యశ్వంత్ ఆసుపత్రికి చేర్చింది. ముంఢ్వా మహర్వాడలో ప్లేగు సోకిన పిల్లవాణ్ణి వీపున మోసుకొచ్చింది. ఆ రోగమే ఆమెకు అంటి మార్చి 10న చనిపోయింది. ఈ రోజు ఆసుపత్రుల్లో మలం ఎత్తుతున్నదీ, శ్మశానాల్లో శవాలు మోస్తున్నదీ ఎక్కువగా మన వాళ్లే. వాళ్లు ఇంటికి వస్తే వీధి తలుపులు మూస్తోంది. కనీసం మనమైనా మూయవద్దు. సునీతుడు వీధులూడ్చేవాడు. రాజగృహం వీధిలో తథాగతుడు తనే ఆయన దగ్గరికి నడిచి వెళ్లాడు.

ఈ నెలలో చాలా ఇళ్లలో దీపం ఆరిపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు, పాలిథీన్ సంచిలో చుట్టి తీసుకుపోయారు. చచ్చిన బిడ్డను చంకనేసుకుని తిరిగిన కిసాగోతమితో, చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు తథాగతుడు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో ఆవాలున్నాయి, చావు లేని ఇల్లు లేదు. ఈ రోజు మనం ఇల్లిల్లూ తిరగలేం. ఫోన్ చేయగలం. కర్మకాండ జరగలేదని, పిండం పెట్టలేదని బెంగపడకండి, మనకు అది లేదు. పోయినవాళ్ల పేరు మీద పుణ్యానుమోదన ఇంట్లోనే చేయండి. వాళ్ల పేరున ఒక పస్తున్న ఇంటికి బియ్యం పంపండి. కర్మ చేయలేకపోయామన్న కొడుకు బాధ కన్నా, ఫోన్ కూడా రాలేదన్న తల్లి బాధ పెద్దది.

ఈ పౌర్ణమి నుంచి

ఈ సాయంత్రం ఇంటిల్లిపాదీ, మాస్కులు కట్టుకుని, రోగి ఉంటే ఆ గది గుమ్మానికి ఎదురుగా కూర్చోండి. కొవ్వొత్తి వెలిగించండి. త్రిశరణం, పంచశీల చెప్పండి. రోగి లోపలి నుంచి చెబుతారు, మీరు బయటి నుంచి చెప్పండి. గొంతులు కలుస్తాయి. తరువాత ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట పట్టుకోండి.

భర్త: ఇంట్లో ఒక పూట వంట నాది.

కొడుకు, కోడలు: కంచం జరిపేసి పోను, తినేదాకా కూర్చుంటాను.

రోగి: ఆయాసం దాచను, మందు మానను.

పిల్లలు: రోజూ గీత గీసి, అవ్వకు రోజులు లెక్క చెబుతాను.

అందరూ: ఇంట్లో సీసా తెరవం, చెయ్యి ఎత్తం, దెప్పం.

రోగం పోతుంది. లాక్‌డౌన్ ఎత్తేస్తారు. విహారం తలుపులు మళ్లీ తెరుస్తారు. అప్పుడు మనం అక్కడ కలుసుకున్నప్పుడు ఎవరి ఇంట్లోనైనా ఒక ముసలి తల్లి, "జ్వరంలో నా పిల్లలు నన్ను దూరంగా పెట్టారు గానీ, వెలి వేయలేదమ్మా" అని చెబితే, ఆ ఇంట్లో ధమ్మ దీక్ష పూర్తయినట్టే.

సకల జీవులూ రోగం లేకుండా ఉండాలి. అందరికీ మేలు కలగాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!